గంజికి అమ్ముడుపోయిన జాతా మనది?
(మన విశ్వాసం – మన చరిత్ర: 7వ భాగం)

బియ్యం కోసం మతం మారారు. గంజికి అమ్ముడుపోయారు. మాదిగపల్లెలో సిలువ కనబడితే చాలు, ఈ మాట అనేవాళ్లు తరతరాలుగా ఉన్నారు. ఇవాళ దీనికి ఒంగోలు చరిత్రతో జవాబు చెప్పుకుందాం.

ముందు ఒక పేరు గుర్తుపెట్టుకోండి. ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగ. తోళ్ల వ్యాపారం చేసేవాడు. అంతకు ముందే గురువుల దగ్గర రాజయోగం నేర్చినవాడు. అంటే, దొర వచ్చి చెప్పేదాకా దేవుడి గురించి ఆలోచన లేని మనిషి కాదు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు యేసు మాట విన్నాడు. 1866లో ఒంగోలులో జూయెట్ దొర చేత బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడాది జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరిలో పేరయ్య ఊళ్లో 28 మంది బాప్తిస్మం పొందారు. కరువు రావడానికి ఇంకా తొమ్మిదేళ్లు ఉంది. గంజి ఎక్కడుంది అప్పుడు?

వాళ్లకు పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి మతం మాటలు. ఊరికి మాత్రం బాగా అర్థమయ్యాయి. ఆదివారం రానంటే వెట్టికి అడ్డం పడినట్టు. విగ్రహానికి మొక్కనంటే జాతరలో డప్పు ఆగినట్టు. అందుకే కరణాలు, మునసబులు కక్ష కట్టారు. నీళ్లు బంద్, పని బంద్.

ఆ రోజుల్లో దేవుడే విడిపిస్తాడని నమ్మడమంటే ఇదీ. కూడు పెట్టే చేతికి "రాను" అని చెప్పడం. చెప్పాక రాత్రికి ఏం తింటామో తెలియకపోవడం. చేతులు ముడుచుకు కూర్చున్నవాళ్లకు ఆ నమ్మకంతో పనేముంది?

ఇక కరువు సంగతి. 1876–78 కరువు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు క్లౌ తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. మాదిగ కూలీకి తిట్టు, దెబ్బ లేకుండా కూలి డబ్బు చేతికొచ్చింది. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూలి కోసం, సాయం కోసం వచ్చారన్న మాట పడకూడదని 15 నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు.

సాయం పంచడం అయిపోయింది. ఇంక ఇచ్చేదేమీ లేదన్నాడు. అయినా వచ్చారు. 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర, గుండ్లకమ్మ ఏట్లో, ఒక్క రోజే 2,222 మంది. ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఆ ఏడాది ముగిసేసరికి లెక్క 9,606.

గంజి ఉన్నప్పుడు తలుపు మూశారు. గంజి అయిపోయాక తలుపు తెరిచారు. వేలమంది అప్పుడే లోపలికొచ్చారు. అమ్ముడుపోవడం అంటే ఇదేనా?

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట ఒకటుంది. మతం మారిన అంటరానివాడి పరిస్థితి గురించి రాస్తూ బాబాసాహెబ్ ఒక గట్టి విమర్శ చేశాడు. నీ కష్టానికి నీ పాపమే కారణమని బోధిస్తే, కష్టపెట్టే సమాజం మీద మనిషి తిరగబడడని. సంఘ పెద్దలకు ఈ మాట రుచించదు. కానీ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితుడికి ఎస్సీ హోదా లేకుండా చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనం బయటే ఉన్నాం. దీని గురించి ఎన్ని చర్చిల్లో ప్రసంగం విన్నారు? కానుకలు, స్వస్థతలు, పరలోకం. అన్నిటికీ టైముంది, దీనికి లేదు. "ప్రార్థన చేద్దాం, దేవుడే చూసుకుంటాడు" అంటారు.

పేరయ్య కూడా ప్రార్థన చేశాడు. ఆ ప్రార్థన నుంచి లేచినవాళ్లు ఆదివారం పనికి పోలేదు. బాబాసాహెబ్ విమర్శకు మన దగ్గరున్న జవాబు ఆ తరమే. దాన్ని మనం మర్చిపోతే ఆయన మాటే నిజమవుతుంది.

ఐగుప్తు నుంచి విడుదల గురించి బోధించే ప్రతి పాస్టరుగారినీ అడగండి: అయ్యగారూ, మన ఊళ్లో ఫరో ఎవరు? శ్మశానానికి జాగా ఇవ్వనివాడా, కూలి ఎగ్గొట్టేవాడా? వాడికి "రాను" అని చెప్పే రోజు సంఘం మా వెనక నిలబడుతుందా?

జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.

జై భీమ్.