ఏడు క్రీడాంశాల క్రీడాకారిణి – వ్యాయామ ఉపాధ్యాయిని: నేపథ్య సమాచారం

జహీరాబాద్: మహిళల హెప్టాథ్లాన్ 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో ప్రవేశపెట్టబడినది. హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు మొదటి రోజు; లాంగ్‌జంప్, జావెలిన్, 800 మీటర్లు రెండవ రోజు.

ధార్వాడ ప్రాంతంలో జన్మించి దక్షిణ మధ్య రైల్వే ఉద్యోగినిగా సికింద్రాబాద్‌లో స్థిరపడిన జె.జె. శోభ 2002 బుసాన్, 2006 దోహా ఆసియా క్రీడలలో కాంస్య పతకాలు, 2004లో అర్జున పురస్కారం పొందినారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో చీలమండ గాయపడగా ఆమెను మైదానం వెలుపలికి మోసుకొనిపోయినారు. కట్టుతో తిరిగివచ్చి 800 మీటర్లు పరుగెత్తి, 6,172 పాయింట్లతో 11వ స్థానంలో నిలిచినారు. పతకం కన్న ఆ పరుగే నేటికీ చెప్పుకొనబడుచున్నది.

సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అగసర నందిని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో (2023) 5,712 పాయింట్లతో కాంస్యం, 2025 గుమి ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 5,941 పాయింట్లతో స్వర్ణం సాధించినారు.

జహీరాబాద్ వంటి పట్టణాలలో ఏడు అంశాలకు ఏడుగురు శిక్షకులు ఉండరు. కబడ్డీ ఆడే బాలికలో హర్డిల్స్ క్రీడాకారిణిని గుర్తించవలసినది పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయినియే. క్రీడాకారిణులు ఈ వృత్తిలో ప్రవేశించుటకు పతకాలు మాత్రమే చాలవు, వ్యాయామ విద్యలో శిక్షణార్హత అవసరం. రాష్ట్రంలో 2024 డీఎస్సీ ద్వారా ప్రకటించిన 11,062 పోస్టులలో వ్యాయామ ఉపాధ్యాయ (పీఈటీ) పోస్టులు 182.