కెప్టెన్ అమెరికా (మోటారు సైకిలు)

కెప్టెన్ అమెరికా అనునది 1969లో విడుదలైన ఈజీ రైడర్ అను అమెరికా చలనచిత్రం కొరకు ప్రత్యేకంగా తీర్చిదిద్దబడిన మోటారు సైకిలు. పాత హార్లే-డేవిడ్సన్ బండిని విప్పి, మార్పులు చేసి దీనిని తయారుచేశారు. ఈ విధంగా అనవసరమైన భాగాలను కత్తిరించి, తొలగించి రూపొందించిన బండ్లను 'ఛాపర్' అంటారు. ప్రపంచంలో అత్యంత ప్రసిద్ధి చెందిన ఛాపర్ ఇదేనని చెప్పవచ్చును. పాత మోటారు సైకిళ్ళ సేకర్తలకు ఇది మిక్కిలి విలువైనది, మిక్కిలి వివాదాస్పదమైనది కూడా.

చిత్రంతో సంబంధం

ఈజీ రైడర్ చిత్రానికి డెన్నిస్ హాపర్ దర్శకుడు, పీటర్ ఫోండా నిర్మాత. వీరిద్దరే ప్రధాన పాత్రధారులు. కథలో ఇద్దరు యువకులు మోటారు సైకిళ్ళపై లాస్ ఏంజలస్ నుండి న్యూ ఆర్లియన్స్ వైపు ప్రయాణిస్తారు. కెప్టెన్ అమెరికా బండిని ఫోండా, 'బిల్లీ బైక్' అను రెండవ బండిని హాపర్ నడిపారు.

ఈ చిత్రం కౌబాయ్ చిత్రాల సంప్రదాయాన్ని అనుసరించినది. వ్యాట్, బిల్లీ అను పాత్రల పేర్లు పశ్చిమ అమెరికా చరిత్రలోని వ్యాట్ ఎర్ప్, బిల్లీ ద కిడ్ అనువారిని గుర్తుచేస్తాయి. పీటర్ తండ్రి హెన్రీ ఫోండా 1946లో మై డార్లింగ్ క్లెమెంటైన్ చిత్రంలో వ్యాట్ ఎర్ప్ పాత్రను ధరించాడు. రెండు చిత్రాలలోను మాన్యుమెంట్ వ్యాలీ దృశ్యాలు కనిపిస్తాయి. ఒక సన్నివేశంలో పల్లె రైతు తన గుర్రానికి నాడాలు కొట్టుచుండగా, ప్రక్కనే వ్యాట్ తన బండి చక్రాన్ని బాగుచేసుకుంటాడు. గుర్రం స్థానంలోకి మోటారు సైకిలు వచ్చినదని ఆ దృశ్యం మాటలు లేకుండానే తెలుపుతుంది. అయితే కౌబాయ్‌లు పడమరకు సాగగా, వీరు తూర్పుకు సాగుతారు.

నిర్మాణం

పోలీసు శాఖ వాడి వేలం వేసిన హార్లే-డేవిడ్సన్ హైడ్రా-గ్లైడ్ బండ్లను కొని, రెండు కెప్టెన్ అమెరికా బండ్లను, రెండు బిల్లీ బండ్లను సిద్ధం చేశారు. ఒకటి చెడిపోయినచో చిత్రీకరణ ఆగకుండుటకై ఒక్కొక్క రకానికి రెండేసి తయారుచేశారు. ముఖ్య విశేషాలు:

* ఇంజను: 'పాన్‌హెడ్' అను వి ఆకారపు రెండు సిలిండర్ల ఇంజను, సుమారు 1,200 సి.సి. పైమూతలు వంటపెనములవలె ఉండుటచే ఆ పేరు వచ్చినది.
* చట్రం: క్రోమియం పూత పూయబడినది. వెనుక చక్రానికి స్ప్రింగులు లేవు.
* ముందు భాగం: పొడిగించిన ఫోర్కు, ఎత్తైన హ్యాండిలు. ముందు చక్రానికి బ్రేకు లేదు.
* ఇంధన ట్యాంకు: చిన్నది; అమెరికా జెండాలోని నక్షత్రాలు, చారలు చిత్రించబడినవి. కథలో డబ్బును దాచిపెట్టేది ఈ ట్యాంకులోనే.

ఇవి చూచుటకు సొగసైనవే గాని నడుపుటకు సుఖమైనవి కావు. పొడవైన ఫోర్కు వలన తక్కువ వేగంలో బండిని మలుపుట కష్టం.

నిర్మాతలు

ఈ బండ్ల రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించినవాడు క్లిఫ్ వాస్. లాస్ ఏంజలస్‌లో వాటిని నిర్మించినవాడు బెన్ హార్డీ. ఇరువురూ ఆఫ్రికన్ అమెరికన్లు. వాస్ 1960లలో పౌరహక్కుల ఉద్యమంలో ఛాయాగ్రాహకునిగా పనిచేశాడు. అయినను చిత్రంలోని పేర్ల జాబితాలో వీరి పేర్లు లేవు. బండ్ల బొమ్మలు ప్రపంచమంతా వ్యాపించినను, దశాబ్దాల పాటు వీరెవరో సామాన్య ప్రజలకు తెలియలేదు. హార్డీ 1994లో మరణించాడు. ఇటీవలి కాలంలో ఛాపర్ల చరిత్రను వ్రాసినవారు వీరి కృషిని వెలుగులోకి తెచ్చారు. వాస్ 2016లో మరణించాడు.

దొంగతనం, వేలం, వివాదం

నాలుగు బండ్లలో మూడు చిత్రం విడుదలకు ముందే దొంగిలించబడినవి. వాటి జాడ తెలియలేదు. మిగిలినది చివరి దృశ్యంలో ధ్వంసమైన కెప్టెన్ అమెరికా. దానిని నటుడు డాన్ హాగర్టీ తీసుకొని పునర్నిర్మించినట్లు చెప్పబడుచున్నది.

2014 అక్టోబరులో కాలిఫోర్నియాలో జరిగిన వేలంలో ఆ బండిగా పేర్కొనబడినది 13.5 లక్షల డాలర్ల ధర పలికినది. కాని అసలైనది తనవద్దనే ఉన్నదని టెక్సాస్‌లోని మరొక సేకర్త అంతకు ముందునుండే చెప్పుచుండెను. రెండు వేర్వేరు బండ్లకు హాగర్టీ ధ్రువపత్రాలు ఉన్నట్లు బయటపడుటతో వివాదం ముదిరినది. హాగర్టీ 2016లోను, ఫోండా 2019లోను మరణించారు.

విరిగిన బండిని బాగుచేయునపుడు చాలా భాగాలు మారిపోతాయి. అందుచే పాత బండి విలువ దాని ఇనుములో కంటె దాని చరిత్రను నిరూపించే పత్రాలలో, ఛాయాచిత్రాలలో ఉంటుంది. నిర్మించినవారి పేర్లనే నమోదు చేయని ఈ బండి విషయంలో ఆ లోటు స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రతిరూపాలు

అసలు బండ్లు దొరకకపోవుటచే అనేకులు ప్రతిరూపాలను నిర్మించుకున్నారు. 1998లో న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం నిర్వహించిన మోటారు సైకిళ్ళ ప్రదర్శనలో ఉంచబడినది కూడా ప్రతిరూపమే. అదే సంవత్సరం ఈజీ రైడర్ చిత్రం అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చబడినది.

ఇవి కూడా చూడండి

* ఈజీ రైడర్
* హార్లే-డేవిడ్సన్
* మోటారు సైకిలు