మెట్ట సంఘములు - తుపాను దినములు

తుపాను అనగానే మన అధ్యక్ష ఖండములో ఎవరికైనను బందరు, దివిసీమ జ్ఞాపకమునకు వచ్చును. చందర్లపాడు, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములవారమైన మేము మెట్టవారము. సముద్రము మాకు దూరము. పత్తి, మిరప మా పంటలు. తుపాను డెల్టావారిది, చందా మనది అని మా పెద్దలు అనుకొనెడివారు. ఈ శతవార్షిక సంచికకు ఆలయ ప్రతిష్ఠలు, బిషప్పుగార్ల దర్శనములు వ్రాయువారు చాలమంది ఉన్నారు. మేము మాత్రము ఆగిపోయిన ఒక పనిదినమును గూర్చి వ్రాయదలచితిమి.

మన మిషను చరిత్రలో తుపాను మొదటినుండియు ఉన్నది. 1841లో రాబర్టు నోబుల్ దొరగారు వచ్చి పని ఆరంభించిన బందరుపై 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన విరుచుకుపడి సుమారు 30,000 మందిని పొట్టన బెట్టుకొన్నది. మరుసటి ఏడు నోబుల్ గారును ప్రభువునందు నిద్రించిరి.

1977 నవంబరు 19 శనివారము. డెల్టాలో వరి పండియున్నది. ఆ దినమున సముద్రము దివి తాలూకా గ్రామములపైకి వచ్చినది. చనిపోయినవారు పదివేలని ప్రభుత్వపు లెక్క. అంతకు ఎక్కువేనని చెప్పువారును కలరు. మా మెట్టలో గాలివాన మాత్రమే. మరునాడు ఆదివారపు ఆరాధన యథాప్రకారము జరిగినదనియు, సొర్లగొంది, పాలకాయతిప్ప పేర్లు ఆ తరువాతనే విన్నామనియు పెద్దలు చెప్పుదురు. పిమ్మట బియ్యము, పాతబట్టలు పోగుచేసి పంపిరట. ఇచ్చినవారమను తృప్తి మాలో చాలకాలము నిలిచినది. కొంచెము ఎక్కువకాలమే నిలిచినదేమో!

2024 ఆగస్టు 31. అదియును శనివారమే. పత్తి పూత మీద ఉన్నది. కలుపుతీతకు పోవలసిన మా సంఘపు స్త్రీలు అన్నపు గిన్నెలు కట్టుకొని, ఆటో కొరకు అరుగుల మీద కూర్చుండిరి. ఆటో రాలేదు. వాన తెరపి ఇవ్వలేదు. వాయుగుండము తీరము దాటినది ఎక్కడ? ఆ అర్ధరాత్రి దాటిన తరువాత, ఎక్కడనో కళింగపట్నము దగ్గర! మామీద పడినది వాన మాత్రమే కాదు. ఖమ్మము వైపు కురిసిన నీరంతయు మున్నేటిలో దిగివచ్చినది. కీసర దగ్గర వైరా, కట్టలేరులు దానితో కలియును. అటనుండి పోయి ఏటూరు దగ్గర కృష్ణలో పడవలెను. కృష్ణ నిండియుండగా మున్నేటికి దారి ఎక్కడ? నీరు వెనుకకు ఎగదన్నినది. ఐతవరము వద్ద హైదరాబాదు రహదారి మునిగినది. సెప్టెంబరు 1 సంస్కారపు ఆదివారము. బెజవాడ వైపునుండి రావలసిన మేము రాలేకపోతిమి. మరునాడు ప్రకాశం బారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కులు. 1957లో బారేజి పూర్తియైన తరువాత అంత నీరు ఎన్నడును రాలేదు.

సముద్రపు తుపాను ఒక రాత్రిలో తన పని ముగించుకొని పోవును. మెట్టలో అట్లుకాదు. నల్లరేగడి నీటిని వదలదు. వేరుకు గాలి ఆడక పత్తి మొక్క నిలువునా వడలిపోవును. పోయినది ఆ శనివారపు కూలి ఒక్కటే అని మేమును మొదట తలచితిమి. కార్తికమాసములో గాని తెలియలేదు. పత్తితీతకు కిలో చొప్పున కూలి ముట్టును. తీయుటకు పత్తి లేనిచోట కిలో ఎక్కడిది? ఆ ఒక్క దినము రెండు మూడు నెలల పనిని తనతో తీసికొనిపోయినది. నష్టపు లెక్క ఎకరములను బట్టి వ్రాయుదురు. కౌలుదారుకు కాగితముండిన కొంత ఆశ. కూలికి పోవు స్త్రీకి ఎకరము లేదు, కాగితము లేదు. కావున ఆ లెక్కలో ఆమెకు నష్టమే లేదు! మన సంఘములలో అట్టివారే ఎక్కువ అని వేరుగా చెప్పనక్కరలేదు.

మేమును నిర్దోషులము కాము. ఆ వారము ఇల్లు మునిగినవారిని పరామర్శించితిమి, ప్రార్థించితిమి. పని పోయినవారి ఇండ్లకు వెళ్లలేదు. వారి ఇండ్లు పొడిగానే ఉండెను గదా!

సంఘపు రిజిష్టరులో 2024 సెప్టెంబరు 1వ తేదీ ఎదుట "ఆరాధన లేదు" అని మాత్రము ఉన్నది. ఈ సంచిక కొరకు పాత రిజిష్టర్లు తిరుగవేయుచు ఆ పుట చూచితిమి. క్రింద చాల ఖాళీ ఉన్నది. ఆ శనివారము అరుగుల మీద ఆటో కొరకు కూర్చున్నవారి పేర్లు, ఆ ఏడు వారికి పోయిన పనిదినములు వారినే అడిగి అందులో వ్రాయించుచున్నాము. ఇప్పటికి పదునాలుగు పేర్లు అయినవి.