స్లైస్ అనండి, పిజ్జా అనకండి

1998 చలికాలంలో జెర్సీ సిటీలో దిగిన మూడో రోజునే పిజ్జా కొట్లో అభాసుపాలయ్యాను. మన్‌హట్టన్‌లో మా ఆఫీసు పక్కన చిన్న కొట్టు. గోడవారగా నిలబడి తినడానికి ఓ బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, అంతే. కౌంటర్ దగ్గరికెళ్లి ‘వన్ పిజ్జా’ అన్నాను. పావుగంటకి బండి చక్రమంత అట్టపెట్టె చేతిలో పెట్టి పన్నెండు డాలర్లు అడిగాడు. వద్దనడానికి మొహం చెల్లక డబ్బిచ్చి, రైల్లో ఒళ్లో పెట్టుకుని గదికి తెచ్చాను. గదిలో నలుగురం, అందులో ముగ్గురు గుంటూరు వాళ్లు. రెండు రోజులు దాన్ని ఆవకాయ నంజుకుని తిన్నాం. ఆ ఊళ్లో పిజ్జా అంటే మొత్తం చక్రమనీ, నాలాంటివాడు అడగాల్సింది ‘స్లైస్’ అనీ మా టీమ్‌లోని ఇటాలియన్ పెద్దాయన నవ్వాపుకుంటూ చెప్పాడు.

ఆ ముక్క సంగతేమిటో తెలుసుకోవాలని అప్పుడే పట్టింది. తీరా చూస్తే న్యూయార్క్ స్లైస్ కొట్టు వంటవాడి పుణ్యం కన్నా పొయ్యి పుణ్యమే ఎక్కువ.

స్ప్రింగ్ స్ట్రీట్‌లో లొంబార్డీస్ 1905లో మొదలైందని, అమెరికాలో పిజ్జేరియాలకి అదే అమ్మమ్మ అని చాలాకాలం చెప్పుకున్నారు. ఈమధ్య పాత పేపర్లు, రికార్డులు తవ్విన పరిశోధకుడొకాయన అంతకు ముందే ఫిలిప్పో మిలోన్ అనే ఆయన పిజ్జా కొట్లు పెట్టాడని తేల్చాడు. ఎవరు ముందైనా పొయ్యి మాత్రం బొగ్గుదే. లొంబార్డీస్‌లో పనిచేసిన టోటోనో పెరో 1924లో కోనీ ఐలాండ్‌లో సొంత కొట్టు పెట్టాడు. 1929లో జాన్స్, 1933లో ఈస్ట్ హార్లెంలో పాట్సీస్ వచ్చాయి. ఇటుకలతో అక్కడికక్కడే కట్టిన పొయ్యి, లోపల 450 డిగ్రీల సెల్సియస్‌కి అటూ ఇటూ వేడి. పిజ్జా నాలుగైదు నిమిషాల్లో పైకొస్తుంది, వచ్చింది వచ్చినట్టే తినాలి. చల్లారితే మెత్తబడుతుంది, మళ్లీ లోపలికి తోస్తే మాడుతుంది. అందుకే ఆ రకం చోట్ల కూర్చుని, నలుగురూ కలిసి, మొత్తం చక్రం తినడం ఆచారమైంది. బ్లీకర్ స్ట్రీట్‌లోని జాన్స్ ‘ముక్కలు అమ్మం’ అని బోర్డు పెట్టుకున్నది ఊరికే కాదు. పాట్సీస్‌లో బొగ్గుపొయ్యి దగ్గరే ముక్కలు అమ్ముతారనుకోండి, అది వేరే సంగతి.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఆ లెక్క మారింది. సైన్యం నుంచి తిరిగొచ్చిన ఐరా నెవిన్ అనే పొయ్యిల మెకానిక్కు కొడుకు గ్యాస్‌తో నడిచే పిజ్జా పొయ్యి తయారుచేశాడు. స్టీలు పెట్టె, ఒకదాని మీద ఒకటి పెట్టుకోవచ్చు, గ్యాస్ పైపు ఉంటే చాలు. బొగ్గు మోయక్కర్లేదు, బూడిద ఎత్తక్కర్లేదు. వేడి 280 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి పిజ్జా నింపాదిగా కాలి, అడుగు కాస్త గట్టిపడుతుంది. తడి తక్కువున్న మొజరెల్లా దానికి బాగా కుదిరింది. పొద్దున చేసిన పిజ్జాని మధ్యాహ్నం ఓ ముక్క కోసి, రెండు నిమిషాలు పొయ్యిలో పెడితే మళ్లీ పళ్ల కింద కరకరమంటుంది. ఇక కూర్చునే బల్లలెందుకు? పది అడుగుల కొట్టు చాలు.

కాగితప్పళ్లెం మీద ముక్క వస్తుంది. దాన్ని నిలువునా మడిచి, కొనని కిందికి వంచితే నారింజరంగు నూనె బొట్లుబొట్లుగా కారుతుంది. పక్కనే ఎండుమిరప పలుకులు, వెల్లుల్లి పొడి, ఒరెగానో డబ్బాలు. మిరప డబ్బా సగం నేనే ఖాళీ చేసేవాణ్ణి. శాకాహారికి ఆ రోజుల్లో అంతకన్నా చవకైన భోజనం ఆ వీధిలో లేదు.

ధర సంగతి ఇంకో విచిత్రం. స్లైస్ ధరా సబ్‌వే టికెట్టూ జోడెడ్లలా నడుస్తాయని ఎరిక్ బ్రామ్ 1980లో న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. నేను దిగినప్పుడు టోకెన్ డాలరున్నర, మా కొట్లో ముక్కా డాలరున్నరే. 2003లో టికెట్ రెండు డాలర్లయింది, ఏడాది తిరక్కుండా ముక్కా అయింది. ఇప్పుడు మాత్రం ముక్కదే పైచెయ్యి.

మా అమ్మ వచ్చినప్పుడు గొప్పకి ఓ బొగ్గుపొయ్యి హోటల్‌కి తీసుకెళ్లాను. అడుగు తిప్పి చూసి, “మాడ్చి పెట్టారేంట్రా, దీనికి ఇరవై డాలర్లా?” అంది. పొయ్యి చూపించి వివరించాను. “మరి మీ నాయనమ్మ దిబ్బరొట్టెకి మూత మీద నిప్పులు పోసేది కాదూ? ఏనాడన్నా మాడిందా?” అంది. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు మా పాత కొట్లో స్లైస్ ఇప్పిస్తే మాట్లాడకుండా రెండు తింది.

కొత్తగా న్యూయార్క్ వెళ్లే మనవాళ్లకి ఒక్క మాట. కౌంటర్ దగ్గర ‘స్లైస్’ అనండి. ‘పిజ్జా’ అన్నారంటే, గదిలో ఆవకాయ సీసా ఉందో లేదో ముందే చూసుకోండి.