కారు ముందరి పలక కథ

మోటారు కారు పెట్రోలుతో నడచునని అందరు నెరుగుదురు. కాని ఇంజనులో మండిన పెట్రోలు ఇచ్చు శక్తి అంతయు చక్రములను చేరదు. స్థూలముగా చెప్పవలెనన్న, అందులో మూడవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పుటకు ఉపయోగపడును. మరియొక మూడవ వంతు వేడి పొగతో బాటు వెలుపలికి పోవును. మిగిలిన దానిలో చాల భాగము ఇంజను గోడలను వేడి చేయును. ఈ వేడిమిని ఎప్పటికప్పుడు తీసివేయనిచో లోహము వ్యాకోచించి, కందెన నూనె పలుచబడి, పిస్టను సిలిండరులో బిగిసికొనిపోవును. కావున కారు చరిత్రలో వేగమును పెంచుట యెంత ముఖ్యమో, వేడిమిని పారద్రోలుట గూడ అంత ముఖ్యమే. ఈ రెండింటి నడుమ జరిగిన పెనుగులాటయే పందెపు కారు ముక్కునకు నేటి రూపము నిచ్చినది.

1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రముల బండికి నేటివంటి రేడియేటరు లేదు. సిలిండరు చుట్టును ఉన్న నీరు వేడెక్కి ఆవిరియై పోవుచుండెను. తరిగిన నీటిని మరల పోయవలసి యుండెను. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్ తన ఇద్దరు కుమారులతో ఇట్టి బండిపై మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు, 100 కిలోమీటర్లకు పైబడిన దూరము, ప్రయాణము చేసినప్పుడు త్రోవలో పలుమార్లు నీటి కొరకు ఆగవలసి వచ్చెను. చిన్న ఇంజనుకు ఈ పద్ధతి చాలును. ఇంజను బలము పెరిగిన కొలది బండి పైన నీటి తొట్టి నొకదానిని మోయవలసి వచ్చుచుండెను.

ఈ చిక్కును విడదీసినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1900 సంవత్సరాంతమున సిద్ధమైన 35 అశ్వశక్తుల మెర్సిడెస్ కారుకు ఆయన తేనెపట్టు వంటి రేడియేటరును అమర్చెను. అందులో 6 మి.మీ. వెడల్పు గల చదరపు గొట్టములు 8,070 ఉండెను. గొట్టముల గుండా గాలియు, వాని సందులలో నీరును ప్రవహించును. గాలి తగులు లోహపు వైశాల్యము ఎంతో పెరిగినందున, కారు మోయవలసిన నీరు 9 లీటర్లకు తగ్గెను. 1901 మార్చిలో ఫ్రాన్సులోని నీస్ నగర పందెములలో ఈ కారు తక్కిన వానిని వెనుకకు నెట్టెను. అది మొదలు చిరకాలము రేడియేటరు కారు ముందు డాలు వలె నిటారుగా నిలిచియుండెను.

అయితే ఆ డాలు గాలిని అడ్డగించును గదా! ఎదురు గాలి కలిగించు పీడనము వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున ఈ పీడనము సుమారు 17 మి.మీ. ఎత్తు గల నీటి స్తంభమునకు సమానము. 120 కిలోమీటర్ల వేగమున అది 68 మి.మీ., 240 కిలోమీటర్ల వేగమున 272 మి.మీ. అగును. ఈ నిరోధమును జయించుటకు కావలసిన సామర్థ్యమో, వేగము యొక్క ఘనమును బట్టి పెరుగును. అనగా వేగము రెట్టింపైనచో సామర్థ్యము ఎనిమిది రెట్లు కావలెను. కారును చల్లబరచు గాలి ఉచితముగా లభించునది కాదు. దాని వెలను ఇంజనే చెల్లించవలెను.

ఈ వెలను తప్పించుకొనుటకు కొందరు సాహసోపేతమైన ఉపాయములు పన్నిరి. 1935 సెప్టెంబరులో అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానముపై సర్ మాల్కం కాంప్‌బెల్ తన బ్లూబర్డ్ కారును గంటకు 301 మైళ్ళ వేగముతో, అనగా సుమారు 484 కిలోమీటర్ల వేగముతో నడిపెను. వేగమును కొలుచు ఒక్క మైలు దూరము వరకు రేడియేటరుకు గాలి పోవు ద్వారమును మూసివేయుటకు ఆ కారులో ఒక తలుపు ఉండెను. కొన్ని క్షణములు ఇంజను వేడెక్కినను సరే, గాలి నిరోధము తగ్గవలెనని వారి ఆలోచన. జాన్ కాబ్ కొరకు రీడ్ రైల్టన్ రచించిన కారులో ముందు భాగమున రేడియేటరే లేదు. మంచు గడ్డలు వేసిన నీటి తొట్టితో ఇంజనులను చల్లబరచిరి. 1947లో ఆ కారు గంటకు 394 మైళ్ళ వేగము నందుకొనెను. కాని ఈ ఉపాయములు నిమిషముల పందెములకే చెల్లును. గంటల తరబడి పరుగెత్తు కారుకు గాలియే దిక్కు.

సరియైన మార్గము విమాన శాస్త్రము నుండి లభించెను. గాలి వచ్చు ద్వారము ఇరుకుగా ఉండి, రేడియేటరును సమీపించు కొలది మార్గము వెడల్పు కావలెను. అప్పుడు గాలి వేగము తగ్గి పీడనము పెరుగును. నిదానముగా పోవు గాలి తక్కువ నిరోధముతో వేడిమిని గ్రహించును. పిమ్మట మార్గము మరల ఇరుకై గాలిని వేగముగా వెలుపలికి పంపవలెను. ఇట్లు చేసినచో వేడెక్కిన గాలి వెనుకకు చిమ్ముట వలన విమానమునకు కొంత తోపుడు గూడ కలుగునని 1935లో ఇంగ్లండులోని ఫార్న్‌బరో పరిశోధనాలయమున ఎఫ్. డబ్ల్యు. మెరిడిత్ చూపెను. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు మస్టాంగ్ విమానము పొట్ట క్రింద కనుపించు గాలి మార్గము ఈ సూత్రమున కొక ఉదాహరణ.

ఇందలి నీతి మన రైతులకు తెలియనిది కాదు. కాలువ తూము ఎంత పెద్దదైనను, పొలములోని నీరు పోవుటకు దారి లేనిచో క్రొత్త నీరు లోనికి రాదు. రేడియేటరును చల్లబరచునది ముందరి పీడనము మాత్రమే కాదు. ముందరి పీడనమునకును వెనుకటి పీడనమునకును గల భేదము.

ఇంతలో మరియొక అపాయము తలయెత్తెను. నిరోధము తగ్గించుటకై పందెపు కార్ల ముక్కులను పల్లముగా, నున్నగా చేసిరి. అట్టి ముక్కు పై వంపు మీదుగా పోవు గాలి వేగము పెరిగి పీడనము తగ్గును. కారు క్రింద దూరిన గాలి అచ్చట చిక్కుపడి పైకి నెట్టును. కారు ముందు భాగము తేలికయై, చుక్కాని త్రిప్పినను చక్రములు మాట వినవు. చోదకుని ప్రాణము గాలిలో దీపము వంటి దగును. 1963లో అమెరికాలో జిమ్ హాల్ నిర్మించిన చాపరల్ 2 కారుకు ఈ చిక్కే కలిగెను. ముక్కు క్రింద మంచును త్రోయు నాగలి వంటి అడ్డు నొకదానిని అమర్చి, గాలి క్రిందకు దూరకుండ చేసిన పిమ్మట కారు నేలను పట్టుకొనెను. 1965లో చాపరల్ కారు సీబ్రింగ్ 12 గంటల పందెమున గెలుపొందెను.

ఇట్లు నిలువుగా దిగు అడ్డుకట్టను ‘ఎయిర్ డ్యామ్’ అందురు. దాని అడుగు అంచున ముందుకు పొడుచుకొని వచ్చు బల్లపరుపు పలకయే ‘స్ప్లిటరు’. ఇది గాలిని రెండు పాయలుగా చీల్చును. ఎదురు గాలి కారు ముఖమునకు తగిలి నిలిచిపోయిన చోట పీడనము హెచ్చు. పలక లేనిచో ఆ గాలిలో కొంత జారి క్రిందకు పోవును. పలక ఉన్నచో అది పైననే నిలిచి, రేడియేటరు ద్వారము వైపు మరలును. పలక క్రింద గాలి వేగముగా పోవుట చేత పీడనము తగ్గును. కావున ముక్కు నేలకు అదుముకొనును. రేడియేటరు వెనుకటి గాలి ఆ తక్కువ పీడనపు చోటికి దారి కలిగియున్నచో చల్లదనమును హెచ్చును. 2007లో అమెరికాలోని నాస్కార్ పందెములకు క్రొత్త కారును ప్రవేశపెట్టినప్పుడు స్ప్లిటరు దానికి విధిగా అమర్చవలసిన భాగమయ్యెను.

కేవలము పలకను బిగించినంత మాత్రమున ఫలితము కలుగదు. ద్వారమునకును రేడియేటరుకును నడుమ నున్న సందులను రేకుతోనో రబ్బరుతోనో మూసివేయవలెను. లేనిచో గాలి సులభమైన ప్రక్కదారి పట్టును. వేడి గాలి పోవు రంధ్రమును ఇంజను మూత ముందు భాగమున, పీడనము తక్కువగా నున్న చోట పెట్టవలెను. ముందు అద్దము మొదట పీడనము హెచ్చు గనుక అచ్చట పెట్టిన రంధ్రము గాలిని వెలుపలికి పంపుటకు మారుగా లోనికి తెచ్చును. పలకకు బలమైన ఆధారములు గూడ కావలెను. 150 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు గల పలకపై 240 కిలోమీటర్ల వేగమున పూర్తి పీడనము పడినచో సుమారు 40 కిలోల బరువు నిలిపినట్లగును. వెనుక భాగమున తగిన రెక్క లేకుండ ముందు పట్టును మాత్రమే పెంచినచో, మలుపులలో కారు వెనుక చక్రములు జారి గిర్రున తిరుగు ప్రమాదము కలదు.

రేడియేటరు ముందే ఉండవలెనను నియమమును గూడ కాలక్రమమున విడిచిరి. 1966లో చాపరల్ 2ఇ, 1970లో లోటస్ 72 కార్లలో రేడియేటర్లు చోదకుని ప్రక్కలకు మారెను. ఇంటి కార్లలో 1984 నమూనా షెవర్లే కార్వెట్ ముఖ్యముగా ముక్కు అడుగు నుండియే గాలిని పీల్చుకొనెను. దాని క్రింద నుండు అడ్డుకట్ట అలంకారము కాదు. అది ఊడిపోయినచో వేగముగా పోవునప్పుడు ఇంజను వేడెక్కును.

ఈ సంగతులను పరీక్షించుటకు గొప్ప యంత్రములు అక్కర లేదు. కారుపై ఊలు దారపు ముక్కలు అంటించి, అవి ఏ దిక్కునకు వాలునో చూచి గాలి మార్గమును తెలిసికొందురు. రంగునీరు పోసిన వంపు గొట్టము ఒక కొనను రేడియేటరు ముందును, రెండవ కొనను దాని వెనుకను చేర్చినచో, రెండు వైపుల నీటి మట్టముల భేదమే గాలిని నడిపించు పీడనము. అట్టి గొట్టమును పాఠశాల ప్రయోగశాలలో విద్యార్థులే తయారు చేయవచ్చును. పందెపు కారుకు పలక బిగించిన వారికి అది మేలు చేసినదో లేదో నిశ్చయముగా చెప్పునది ఆ రెండు మట్టముల నడుమ నున్న కొద్ది మిల్లీమీటర్ల యెడమే.