షిగాకు దక్కని టీకా

1949లో డోమోన్ కెన్ అనే ఫొటోగ్రాఫర్ ఒక పెద్దాయన్ని వెతుక్కుంటూ జపాన్‌లోని మియాగి తీరాన ఉన్న ఒక పల్లెకు వెళ్లాడు. డోమోన్ తీసిన ఫొటోలో ముందు మన కళ్లు పడేది విరిగితే అతుకు వేసుకున్న కళ్లజోడు మీద. ఆ కళ్లజోడు షిగా కియోషిది. రక్త విరేచనాలు పుట్టించే క్రిమిని మొట్టమొదట పట్టుకున్నది ఆయనే. ఆ క్రిమికి షిగెల్లా అని ఆయన పేరే పెట్టారు. వైద్య విద్యార్థులంతా వల్లెవేసే పేరు గల మనిషి, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో కొత్త కళ్లజోడుకైనా నోచుకోలేదే అనుకుంటే మనసు కలుక్కుమంటుంది.

1897లో ఆయనకు 26 ఏళ్లు. టోక్యోలో వైద్యం చదివి, కితాసాతో షిబసబురో నడిపే అంటువ్యాధుల సంస్థలో అప్పుడే చేరాడు. ఆ ఏడు జపాన్‌ను రక్త విరేచనాలు కమ్మేశాయి. 90 వేల మందికి పైగా మంచం పట్టారు, ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా పోయారు. షిగా 36 మంది రోగుల మలం తీసుకుని పరీక్షకు కూర్చున్నాడు. మలంలో క్రిములకు కొదవ లేదు, వాటిలో దోషి ఏదో తేల్చడమే కష్టం. రోగి రక్తం నుంచి తీసిన సీరం కలిపితే ఏ క్రిమి ఉండలు కడుతుందో చూశాడు. ఒకే రకం క్రిమి మళ్లీ మళ్లీ ఉండ కట్టింది. దోషి దొరికింది. కితాసాతో తన పేరు కలపకుండా, వ్యాసాన్ని శిష్యుడి పేరు మీదే వెలువడనిచ్చాడు. అంత పెద్ద మనసున్న గురువులు అరుదు.

శత్రువు చిక్కాడు కనుక టీకా ఎంతో దూరంలో లేదనిపించింది. షిగా క్రిములను వేడితో చంపి మందు తయారుచేశాడు. ఊరివాళ్లకు ఇచ్చేముందు తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. సూది గుచ్చినచోట వాచి చీము పట్టింది, కోసి తీయాల్సి వచ్చింది. క్రిమి చచ్చినా దాని విషం చావలేదు. ఆ పోటు తగ్గించడానికి టీకాతో పాటు సీరం కలిపి సుమారు పదివేల మందికి ఇచ్చాడు. అయినా జబ్బు సోకడం ఆగలేదు. ఆయన కష్టంలో లోపం లేదు. ఎదుటి క్రిమి స్వభావమే అలాంటిది.

ఆ స్వభావం ఏమిటో తర్వాతి తరాలకు గానీ తెలిసిరాలేదు. షిగెల్లాలో నాలుగు జాతులు, వాటిలో యాభైకి పైగా రకాలు ఉన్నాయి. ఒక్కో రకానికి పైన కప్పుకున్న చక్కెర పొర వేరు. ఒకదాన్ని ఎదిరించే శక్తి ఒంటికి వచ్చినా రెండోదాని ముందు అది పనిచేయదు. పైగా ఈ జబ్బు రావడానికి పది నుంచి వంద క్రిములు కడుపులోకి పోతే చాలు. ఒక్కడే సూది పట్టుకుని ఇన్ని రకాల మీద ఎలా గెలుస్తాడు?

తర్వాత షిగా జర్మనీ వెళ్లి శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ దగ్గర పనిచేశాడు. జపాన్ ఏలుబడిలో ఉన్న కొరియాకు వెళ్లి, అక్కడి ఇంపీరియల్ యూనివర్సిటీకి అధ్యక్షుడయ్యాడు. 1944లో దేశం ఆయనకు సంస్కృతి పురస్కారం ఇచ్చింది. ఇంటికి మాత్రం కష్టాలు వరసగా వచ్చాయి. భార్యను కడుపు క్యాన్సర్ తీసుకుపోయింది. పెద్ద కొడుకు సముద్రపు తుపానులో పోయాడు. మూడో కొడుకును క్షయ మింగింది. టోక్యోలోని ఇల్లు వైమానిక దాడిలో కాలి బూడిదైంది. ఎన్ని ఇళ్లలోనో తల్లుల ఏడుపు ఆపాలని చూసిన మనిషికి తన ఇంటి ఏడుపు ఆపుకోవడం చేతకాలేదు. 1957 జనవరిలో సెందాయ్‌లో కన్నుమూశాడు.

ఆయన తర్వాత కూడా ఆ పని చేతికి అందినట్టే అంది జారిపోతూ వచ్చింది. 1960లలో యుగోస్లావియాలో డేవిడ్ మెల్ బలహీనపరిచిన బతికున్న క్రిములను నోటి ద్వారా ఇచ్చి చూశాడు. సైనికులను అవి కాపాడాయి, కానీ ఎక్కువ మోతాదులు కావాల్సి వచ్చాయి. అందువల్ల ఆ టీకా జనంలోకి వెళ్లలేకపోయింది. 1990లలో ఇజ్రాయెల్ సైనికుల మీద మరో టీకా బాగా పనిచేసింది. దాన్నే చిన్నపిల్లలకు ఇస్తే, మూడేళ్లు నిండనివాళ్లలో పనిచేయలేదు. నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది ఇదే. ఈ జబ్బు ఆ వయసు పిల్లల ప్రాణాలకు పెద్ద ముప్పు. 2016లో షిగెల్లా వల్ల రెండు లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా, అందులో వేలకు వేలు అయిదేళ్లలోపు పసివాళ్లు. ఇప్పుడు మందులకు లొంగని షిగెల్లా కూడా పెరుగుతోంది, కనుక యాంటీబయాటిక్ మీద ఉన్న భరోసా కూడా సన్నగిల్లుతోంది.

మందుల కంపెనీ జీఎస్‌కే తయారుచేసిన ఒక షిగెల్లా టీకా బాధ్యతను 2025లో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తీసుకుంది. ఆ టీకా ఇంకా పిల్లల మీద నెగ్గాలి, అనుమతులు రావాలి, పేద ఇళ్లకు చేరాలి. షిగా తనకు తానే సూది గుచ్చుకుని నూట పాతికేళ్లు దాటింది. లోకమంతటా పసిపిల్లలకు వేయగల షిగెల్లా టీకా ఇంకా లేదు.