మన దారి మర్రిచెట్లు

స్వర్ణోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాసివ్వమని పూర్వ విద్యార్థుల సంఘం వారు అడిగారు. సాంఘిక శాస్త్రం మాస్టారిని కదా, రాజుల గురించో యుద్ధాల గురించో రాస్తానని అనుకుని ఉంటారు. నేను మాత్రం మీలో చాలామంది రోజూ బస్సు కిటికీలోంచి చూసిన మర్రిచెట్ల గురించి రాస్తున్నాను. మన బడికి యాభై ఏళ్లు. ఆ చెట్లు మన బడి కంటే ఎంతో పెద్దవి.

హైదరాబాద్ నుంచి బీజాపూర్ పోయే రోడ్డు మీద, పోలీస్ అకాడమీ దగ్గరి అప్పా జంక్షన్ మొదలు మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్లు. ఈ దూరంలో దాదాపు 900 మర్రిచెట్లున్నాయి. నిజాం పాలనలో నాటించినవి. అప్పట్లో ప్రయాణమంటే ఎడ్లబండి, లేదంటే కాలినడక. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మనిషికీ ఎడ్లకూ నీడ లేకపోతే అడుగు ముందుకు పడేది కాదు. కాబట్టి ఆనాటి వాళ్ల లెక్కలో చెట్టు కూడా రోడ్డులో భాగమే.

ఈ ఆలోచన నిజాములతో మొదలైంది కాదు. తరగతిలో అశోకుడి పాఠం చెప్పేటప్పుడు దారుల వెంట చెట్లు నాటించాడని మీ చేత వల్లె వేయించాను. ఆ మాట మూలం ఆయన ఏడో స్తంభ శాసనంలో ఉంది. పశువులకు, మనుషులకు నీడనివ్వడానికి దారుల వెంట మర్రిచెట్లు నాటించానని ఆయనే చెక్కించాడు. ఆ స్తంభం నేటికీ ఢిల్లీలో నిలబడి ఉంది. అంటే 2,200 ఏళ్ల కిందటి ఆ ఆలోచనకు సజీవ సాక్ష్యం మన ఊరి దారిలోనే ఉందన్నమాట.

మర్రినే ఎందుకు ఎంచుకున్నారంటే దానికి కారణాలున్నాయి. బలమైన కొమ్మను పాతినా చిగురిస్తుంది. ఊడలు నేలకు దిగి కొత్త మానులవుతాయి కాబట్టి అసలు మాను ముసలిదైనా చెట్టు బతుకుతుంది. ఆ పండ్లు పిట్టలకు, గబ్బిలాలకు, కోతులకు తిండి. ఒక్క మర్రిని కొట్టేస్తే పోయేది ఒక చెట్టు కాదు, ఒక ఊరంత ప్రాణులకు ఉన్న గూడు.

ఈ రోడ్డును నాలుగు వరుసలు చేయాలని నిర్ణయించినప్పుడు చెట్లకు ముప్పు వచ్చింది. 2019 నుంచి హైదరాబాద్‌లోని ప్రకృతి ప్రేమికులు కొందరు వీటి కోసం ప్రచారం మొదలుపెట్టారు. వాళ్లు మొదట చేసిన పని చెట్లను లెక్కపెట్టడం. ఒక్కొక్కటీ ఎక్కడ ఉందో నమోదు చేశారు. చరిత్ర చదివినవాడిగా నాకు ఆ పని బాగా నచ్చింది. లెక్కలో లేనిదాన్ని కాపాడటం కష్టం. తరువాత జనాన్ని చెట్ల కిందికి తీసుకొచ్చి నడిపించారు, వేలాది మంది చేత సంతకాలు పెట్టించారు, 2021లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. రోడ్డు వద్దని వాళ్లు అనలేదు. చెట్లను తప్పించి వేయమన్నారు. చివరకు ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచి, తప్పనిసరి అయినవాటిని వేరేచోటికి తరలించేలా ప్రణాళిక మారింది. 2025 అక్టోబరు చివరలో పనులకు అడ్డు తొలగింది.

ఆ వెంటనే, నవంబరు 3న మీర్జాగూడ దగ్గర ఘోరం జరిగింది. తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయారు. అది మన పిల్లలు చదువులకు, మన వాళ్లు కొలువులకు పోయే దారి. చెట్ల కోసం వేసిన కేసు వల్లే రోడ్డు ఆలస్యమైందని చాలామంది కోపగించుకున్నారు. ఆ కోపాన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి పిట్టల గూళ్ల గురించి మాట్లాడటం ఎవరి వల్లా కాదు.

అయినా నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇరుకు రోడ్డు ప్రాణాలు తీస్తుంది, వెడల్పు చేయాల్సిందే. కానీ గీత గీసేనాడే చెట్లను లెక్కలోకి తీసుకుని ఉంటే, మనిషికీ మానుకూ పోటీ పెట్టే అవసరమే రాకపోయేది. చెట్ల గురించి ముందే అడగడం అభివృద్ధికి అడ్డుపడటం కాదు, ఆలస్యాన్ని తప్పించడం.

కాపాడటం తీర్పుతో ముగిసేది కూడా కాదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతి మీకు తెలుసు. 2017లో దాని పెద్ద కొమ్మ విరిగిపడింది. చెద పట్టిన ఆ మానుకు మరుసటి ఏడాది సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించారు. వందల ఏళ్ల చెట్టయినా కనిపెట్టుకుని ఉండేవాళ్లు లేకపోతే కూలుతుంది.

అందుకే ఈ స్వర్ణోత్సవ వేళ మన సంఘానికి నాదొక విన్నపం. కొత్త తరగతి గదులు కట్టిద్దాం, ప్రతిభావంతులకు బహుమతులిద్దాం. దానితోపాటు బడికి దగ్గరలో ఉన్న మర్రిచెట్లకు ఒక రిజిస్టరు పెడదాం. తొమ్మిదో తరగతి పిల్లలు ఏటా వాటి చుట్టుకొలత కొలిచి, చెద పట్టిందా, ఊడలు నరికారా, తరలించిన చెట్టు చిగురించిందా అన్నది రాయాలి. తరలించిన చెట్లకు మొదటి రెండు మూడు వేసవులు నీళ్లు పోసే బాధ్యత ఒక్కో బ్యాచ్ తీసుకోవాలి. వందేళ్ల పండుగ నాటికి ఆ రిజిస్టరు మన పిల్లల పిల్లలకు మంచి చరిత్ర పుస్తకమవుతుంది. మొదటి పేజీ రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.